పుల్లరి ఎవరికి కట్టాలి? ఉస్మానీయ, ఇరాన్ రాజ్యాల నడుమ కుర్దు తెగల విధేయత

గుంటూరు సీమలో పుల్లరి అన్న మాట వినగానే పల్నాడు, కన్నెగంటి హనుమంతు గుర్తుకు వస్తారు. అడవిలో పశువులను మేపుకున్నందుకు సర్కారుకు కట్టవలసిన పన్ను అది. దాన్ని కట్టబోమని నల్లమల అంచు ఊళ్లవాళ్లు 1921లో ఎదురు తిరిగారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. ఆ పోరాటంలో తగవంతా పన్ను న్యాయమా కాదా అన్నదాని మీదే నడిచింది. పుచ్చుకునేది ఎవరన్న సందేహం ఎవరికీ లేదు, ఎందుకంటే ఆ అడవి మీద పెత్తనం చెన్నపట్నంలోని ప్రభుత్వం ఒక్కదానిదే. అదే అడవి, అదే గడ్డి, అదే మంద రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండి, పుల్లరి కోసం అటు నుంచి ఒక అమీను, ఇటు నుంచి ఒక అమీను వచ్చి నిలబడితే కాపరి ఎవరికి కట్టాలి, ఎవరి మనిషినని చెప్పుకోవాలి? ఇప్పటి తుర్కియే, ఇరాక్, ఇరాన్ దేశాలు కలిసే కొండల్లో కుర్దు తెగలు ఈ ప్రశ్నను దాదాపు నాలుగు వందల ఏళ్లు మోశాయి.

ఒట్టోమన్లు అని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకునే ఉస్మానీయ సుల్తానులకూ, ఇరాన్ షాలకూ మధ్య వైరం 1514 నాటి చాల్దిరాన్ యుద్ధంతో ముదిరింది. అందులో సుల్తాన్ సలీం చేతిలో ఇరాన్‌ను ఏలుతున్న సఫవీ వంశపు షా ఇస్మాయిల్ ఓడిపోయాడు. ఆ వెనువెంటనే ఇద్రీస్ బిద్లిసీ అనే పండితుడు కుర్దు ప్రభువులతో మంతనాలు జరిపి, వారిలో చాలామందిని సుల్తాను పక్షానికి తెచ్చాడు. అందుకు బదులుగా తమ కోటలను తామే వంశపారంపర్యంగా ఏలుకునే హక్కు వారికి దక్కింది. కుర్దుల్లో ఎక్కువమంది సున్నీలు కావడం, సఫవీలు షియా మార్గాన్ని రాజ్యమతం చేయడం ఈ మొగ్గుకు తోడ్పడిన మాట నిజమే. అయినా మతం ఒక్కటే కారణమనుకుంటే తరవాతి కథ అర్థం కాదు. సున్నీ ప్రభువులు షా అండతో గద్దెనెక్కిన సందర్భాలు, సుల్తాను మనుషులపై కత్తి దూసిన సందర్భాలు ఆ కొండల చరిత్రలో అడుగడుగునా కనిపిస్తాయి.

1639 మే నెలలో జుహాబ్ దగ్గర కుదిరిన ఒడంబడికే నేటి ఇరాన్ పశ్చిమ సరిహద్దుకు మూలమని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అయితే ఆ ఒడంబడికకు పటం లేదు, గీత లేదు. అందులో కోటల పేర్లు, కొండల పేర్లు, కనుమల పేర్లు వరసగా ఉన్నాయి. వాటి సరసనే తెగల పేర్లూ ఉన్నాయి. జాఫ్ అనే పెద్ద తెగలో జియావుద్దీన్, హారూనీ శాఖలు సుల్తానువని పేరుపేరునా రాసుకున్నారు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే మధ్యన గట్టు వేసుకుంటారు. ఈ ఇద్దరు రాజులు నేలతో పాటు మనుషులనూ పంచుకున్నారు. ఆనాటి పాలకుల దృష్టిలో తెగ అంటే ఒక ఆదాయం, ఒక అశ్వదళం. అది ఎవరి లెక్కలో పడుతుందో తేల్చుకోవడం కోట ఎవరిదో తేల్చుకోవడమంత ముఖ్యం.

దీని లోగుట్టు తెలియాలంటే మంద బతుకు తెలియాలి. వరి కోతలు ముగిశాక తెనాలి, రేపల్లె వైపు మాగాణుల్లోకి మెట్ట ఊళ్ల గొర్రెల మందలు దిగడం మనం ఏటా చూసేదే. కోసిన మడిలో మోళ్లు, గట్ల మీద గడ్డి తప్ప మరేమీ ఉండదు. కాపరి గట్టు మీద కర్ర ఆనించి నిలబడి రైతుతో బేరమాడతాడు: ఎన్ని రాత్రులు మంద నిలపాలి, రాత్రికి ఎంత. ఎరువు కోసం రైతే కాపరికి సొమ్మో గింజలో ముట్టజెబుతాడు. మంద లేచి వెళ్లిన మర్నాడు ఆ మడి తిరిగి ఉత్త మడి. కుర్దు తెగలు తిరిగే జాగ్రోస్ కొండల్లో ఇచ్చేది కాపరి, పుచ్చుకునేది నేల ఏలేవాడు, అంతే తేడా. గొర్రె మీద తలకింత, గడ్డి మీద ఇంత అని వసూలు చేసే ప్రభువుకు మంద నిలిచి ఉన్నన్నాళ్లే ఆ కొండకు విలువ. మంద పక్క రాజ్యంలోకి మళ్లితే అతనికి మిగిలేది రాళ్లూ మంచూ.

జాఫ్ తెగవారు చలికాలం సిర్వాన్ నది దిగువన, కిఫ్రీ ప్రాంతపు మైదానాల్లో మేక వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలు వేసుకునేవారు. ఎండలు ముదిరి గడ్డి మాడే వేళకు గుడారాలు విప్పి, శహ్రజోర్ మైదానం మీదుగా ఎగువకు నడిచి, ఇరాన్ వైపున్న మరీవాన్, సక్కిజ్ కొండల పచ్చికకు చేరేవారు. వేసవి మేతను తుర్కీలో యైలాక్ అని, చలికాలపు విడిదిని కిష్లాక్ అని అంటారు. ఈ తెగకు కిష్లాక్ సుల్తాను నేల మీద, యైలాక్ షా నేల మీద ఉన్నాయి. ఏడాదిలో కొన్ని నెలలు ఒక రాజు పచ్చికలోనూ, మిగతా నెలలు మరో రాజు పచ్చికలోనూ గడపడం వారికి గొర్రెను బతికించుకునే ఒకే ఒక దారి. సుల్తాను తరఫున బాగ్దాద్‌ను ఏలే పాషా దాన్ని పరారీ అన్నాడు, ఇరాన్ వైపు సనందజ్‌లోని ప్రభువు దాన్ని చొరబాటు అన్నాడు. గొర్రె నడిచే దారి మాత్రం ఇద్దరి కన్నా పాతది. ఈ సంగతి రాజ్యాలకు తెలియక పోలేదు. 1823లో ఎర్జురుమ్ నగరంలో రాసుకున్న సంధిలో మొదటి షరతులోనే, వేసవికో చలికాలానికో హద్దు దాటి వచ్చే తెగలు వాడుక ప్రకారం ఇవ్వవలసిన కప్పం, పచ్చిక బయళ్ల అద్దె మొదలైన వ్యవహారాలను ఇరాన్ యువరాజు మనుషులూ బాగ్దాద్ పాషా కలిసి తేల్చుకోవాలని రాశారు. పుల్లరి తగవు రెండు ప్రభుత్వాల మధ్య మనస్పర్థలకు దారి తీయకుండా చూడడమే ఆ షరతు ఉద్దేశం.

ఈ విషయంలో గుంటూరు సొంత చరిత్రే మంచి పోలిక ఇస్తుంది. 1766లో నిజాం ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నప్పుడు గుంటూరు సర్కారును మాత్రం తమ్ముడు బసాలత్ జంగ్ బతికినన్నాళ్లు అతనికే ఉంచాడు. 1782లో ఆయన పోయాక కూడా అది కంపెనీ చేతికి రావడానికి 1788 దాకా పట్టింది. అన్నేళ్ల బేరసారాల్లో సర్కారు మొత్తం ఒక కాగితం మీద నుంచి మరో కాగితం మీదికి మారింది. రైతు ఎవరి రైతు అని అడగవలసిన పని ఎవరికీ పడలేదు. నేల ఎవరిదైతే రైతు వారివాడు. కడుపు మండిన రైతు ఊరు వదిలి కృష్ణ దాటి నిజాం ఇలాకాలోకి పోవచ్చు, కానీ చెరువూ చేనూ బావీ ఇక్కడే ఉండిపోతాయి. మాగాణి నడవదు, మంద నడుస్తుంది. పొలిమేర తెగల విధేయత అంతగా వివాదమైంది ఈ ఒక్క కారణం వల్లనే. వారి ఆస్తికి కాళ్లున్నాయి గనుక వారి మాటకు బలం ఉంది. ఎక్కువ నొక్కితే పక్క రాజ్యానికి నడిచిపోగలరన్న భయం ఇద్దరు పాలకులనూ ఎంతో కొంత అదుపులో ఉంచింది.

ఆ భయం యుద్ధమయ్యేదాకా పోయిన సందర్భం హైదరాన్లు తెగది. ఈ పేరు చివరనున్న ‘లు’ మన బహువచనం కాదు, ఫలానా వారికి చెందినవాళ్లు అని చెప్పే తుర్కీ ప్రత్యయం. వాన్ సరస్సు ఉత్తరపు కొండల్లోనూ బయజీద్ పరిసరాల్లోనూ, ఇటు ఇరాన్ వైపు ఖోయ్, మాకూ ప్రాంతాల్లోనూ ఈ తెగ పాయలు పాయలుగా తిరిగేది. సిప్కీ అనే మరో తెగ కూడా వీరి బాటలోనిదే. 1820 నాటికి ఈ రెండు తెగలు ఎవరివన్న తగవు ముదిరింది. తన ప్రజలు పారిపోయి వెళ్తే ఎర్జురుమ్ పాషా అక్కున చేర్చుకున్నాడని తబ్రీజ్‌లో ఉన్న ఇరాన్ యువరాజు అబ్బాస్ మీర్జా ఫిర్యాదు. అసలు వాళ్లు సుల్తాను ప్రజలేనని, మధ్యలో అటు వెళ్లి మళ్లీ సొంతగూటికి వచ్చారని పాషా జవాబు. 1821లో అబ్బాస్ మీర్జా సేనలతో హద్దు దాటి బయజీద్‌ను పట్టుకున్నాడు. దక్షిణాన కిర్మాన్‌షా నుంచి అతని అన్న మహమ్మద్ అలీ మీర్జా బాగ్దాద్ మీదికి నడిచి, ఆ దండయాత్రలోనే జబ్బుపడి చనిపోయాడు. అదే ఏడాది గ్రీకులు తిరగబడడంతో సుల్తాను చేతులు అటు చిక్కుకుపోయాయి. తెగల తగవు ఒక్కటే ఇంత యుద్ధానికి కారణమని అనలేం గాని, సంధిలో ఆ రెండు తెగల పేర్లు ప్రత్యేకంగా ఎక్కాయంటే వాటి బరువు ఎంతో అర్థమవుతుంది. సైన్యాల్లో కలరా పాకి, ఇరుపక్షాలు అలసిపోయి 1823 జూలైలో సంధి చేసుకున్నాయి.

ఆ సంధి మూడో షరతును నెమ్మదిగా చదవాలి. రెండు ప్రభుత్వాల మధ్య కలహానికి కారణమైన హైదరాన్లు, సిప్కీ తెగలు ప్రస్తుతం ఉస్మానీయ భూభాగంలో ఉన్నాయని అది ముందుగా ఒప్పుకుంటుంది. వాళ్లు ఇరాన్‌లో చొరబడి దోపిడీ చేస్తే సరిహద్దు అధికారులు అడ్డుకోవాలి, శిక్షించాలి. అధికారులు ఆ పని చేయకపోతే సుల్తాను ప్రభుత్వం ఆ తెగలకు రక్షణ మానుకోవాలి. వాళ్లు తమంతట తాము ఇష్టపడి ఇరాన్ వెళ్తామంటే ఆపకూడదు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ మనసు మార్చుకుని తిరిగి వస్తే మాత్రం చేర్చుకోకూడదు, రక్షణ ఇవ్వకూడదు. అంటే ఒక వైపుకే తెరుచుకునే తలుపును ఒకసారి మాత్రం తెరిచి పెట్టారు. తెగ ఇష్టాన్ని ఇద్దరు చక్రవర్తులు రాతపూర్వకంగా గుర్తించడం చిన్న విషయం కాదు. కానీ ఆ గుర్తింపులోనే మెలిక ఉంది: ఇష్టాన్ని ఒకసారి వాడుకోవడంతో అది ఖర్చైపోవాలి. ఏటా రెండుసార్లు హద్దు దాటే మందకు ఈ షరతు ఎలా అతుకుతుందో రాసినవారు ఆలోచించినట్టు లేదు.

1847లో, అదే ఎర్జురుమ్‌లో కుదిరిన రెండో సంధి ఈ మెలికను నియమంగా మార్చింది. ఎనిమిదో షరతు ప్రకారం, ఏ రాజ్యానికి చెందినవో తెలిసిన తెగలను ఆ రాజ్యపు నేల మీదికి బలవంతంగానైనా రప్పించాలి. ఎవరికి చెందినవో తేలని తెగలు ఒకే ఒక్కసారి, ఎప్పటికీ మారకుండా, తమకు నచ్చిన పక్షాన్ని ఎంచుకుని, ఇకపై నివసించే చోటు చెప్పాలి. పైకి చూస్తే ఇది ఉదారంగా ఉంది. తెగనే అడుగుదాం, తెగే చెప్పనీ అన్నారు. అయితే తెగకున్న బలమంతా జవాబును వాయిదా వేయగలగడంలోనే ఉంది. ఎంచుకునే హక్కును వారికి రాసిచ్చిన వాక్యమే, ఆ తరవాత ఎన్నటికీ ఎంచుకోవడానికి వీల్లేకుండా చేసింది. పొలిమేర తెగల చరిత్రలో ఏ యుద్ధం కన్నా ఈ ఒక్క వాక్యానిదే లోతైన దెబ్బ అని చెప్పక తప్పదు.

సంధి దాకా నడిచిన దారి కూడా సాఫీగా లేదు. ఇంగ్లండు, రష్యా మధ్యవర్తులుగా 1843 నుంచి నాలుగేళ్లు ఎర్జురుమ్‌లో చర్చలు సాగాయి. ఇరాన్ తరఫున వచ్చిన మీర్జా తఖీ ఖాన్, అంటే తరవాత అమీర్ కబీర్‌గా పేరొందిన మంత్రి, బస చేసిన ఇంటి మీద ఊరి జనం దాడి చేసి దోచుకున్నారు. ఆయన ప్రాణాలతో బయటపడి కూడా చర్చలు విడిచిపెట్టలేదు. చివరికి కుర్దు నగరమైన సులేమానియా మీద హక్కును ఇరాన్ వదులుకుంది. జుహాబ్ ప్రాంతంలో పల్లపు నేలలు సుల్తానుకు, కొండలు షాకు దక్కాయి. దక్షిణాన షత్తుల్ అరబ్ నది ఒడ్డున ముహమ్మరా రేవు, అబాదాన్ లంక ఇరాన్ వాటాకు వచ్చాయి. అక్కడి కాబ్ అరబ్బుల విధేయత కూడా శతాబ్దం పైగా వివాదంలో ఉన్నదే. ఖర్జూర తోటలకు కాళ్లు లేవు గనుక వారి తగవు రేవు సుంకాల చుట్టూ, నది మీద హక్కుల చుట్టూ తిరిగింది. అది వేరే కథ.

సులేమానియాను ఏలిన బాబాన్ పాషాల బతుకు ఈ అడకత్తెర ఎలాంటిదో దగ్గరగా చూపిస్తుంది. ఆ నగరాన్ని 1784లో కట్టించింది వారే. బాగ్దాద్ పాషా ఒక అన్నను గద్దె మీద కూర్చోబెడితే తమ్ముడు కిర్మాన్‌షా వెళ్లి ఇరాన్ రాకుమారుడి అండ అడిగేవాడు. ఇరాన్ సేన తోడు తెచ్చుకుని తమ్ముడు గద్దెనెక్కితే అన్న బాగ్దాద్ దారి పట్టేవాడు. బాగ్దాద్‌లో కంపెనీ రెసిడెంటుగా ఉన్న క్లాడియస్ రిచ్ 1820లో సులేమానియా వచ్చి అప్పటి మహమూద్ పాషాతో చాలా రోజులు గడిపాడు. ఒకరు కప్పం కట్టమని పీడిస్తుంటే, రెండో వారు వాళ్లకు కట్టడమే నేరమంటున్నారన్న పాషా గోడు రిచ్ రాతల్లో దాచకుండా కనిపిస్తుంది. పేరుకు సుల్తాను సామంతుడు, సొమ్ము పోయేది షా కొడుక్కి. పాషా ఎవరికి విధేయుడు అని అడిగితే రెండు జవాబులూ నిజమే, రెండింటికీ దస్తావేజులు ఉన్నాయి. 1850 నాటికి ఉస్మానీయ ప్రభుత్వం ఆ వంశపు పాలనే తీసేసింది. కొన్నేళ్లకు ఇరాన్ కూడా సనందజ్‌లో అర్దలాన్ వంశాన్ని పక్కకు నెట్టి తెహ్రాన్ నుంచి గవర్నరును పంపింది.

ఇలాంటి తెగలను, ప్రభువులను గోడ మీద పిల్లులని అనడం తేలిక. రెండు దర్బారుల రికార్డుల్లోనూ ద్రోహం, కృతఘ్నత, మాట తప్పడం అన్న నిందలు కోకొల్లలు. కానీ ఆ రికార్డులు రాసింది కప్పం పుచ్చుకునేవారు. తెగ పెద్ద ఇచ్చిన మాట అసలు ఏమిటో విడదీసి చూడాలి. ఏటా ఇంత సొమ్ము, యుద్ధం వస్తే ఇన్ని గుర్రాలు, హామీగా దర్బారులో ఒక కొడుకు. బదులుగా రాజు మన్ననగా ఇచ్చే ఖిలాతు అనే ఉడుపు, పచ్చిక మీద హక్కు, పక్క తెగ మీద పడితే అండ. ఇది ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు. అండ రాకపోతే, పచ్చిక మరొకరికి ఇస్తే, ఏర్పాటు రద్దయినట్టే తెగ లెక్క. సుల్తాను లెక్కలో అదే ఎన్నటికీ తెగని బంధం. ఇద్దరూ విధేయత అన్న ఒకే మాట వాడారు గాని ఇద్దరి మనసుల్లో ఉన్నవి రెండు వేరు వేరు విషయాలు.

అలాగని తెగలను అమాయకులుగా చిత్రించడం అన్యాయం, ఎందుకంటే వారి స్వేచ్ఛకు వెల కట్టింది వేరేవాళ్లు. వాన్, ముష్ ప్రాంతాల్లో మంచు పడే నెలల్లో చాలా తెగలకు సొంత కిష్లాక్ ఊళ్లు లేవు. అర్మేనియన్ రైతుల ఇళ్లలో దిగేవారు. రైతు వేసవంతా కోసి ఆరబెట్టి వేసుకున్న గడ్డివాము తెగవారి గుర్రాలకు, గొర్రెలకు మేత. అతని కొట్టమే వాటికి నీడ. పొయ్యి మీద ఉడికేది ముందు అతిథులకు. కాదనే వీలు రైతుకు లేదు. తెగ ఏ రాజువైపు మొగ్గినా ఆ చలికాలపు భారం రైతు నెత్తి మీదే పడేది. హద్దు దాటి చేసే దోపిడీలో మండేదీ పల్లెలే. రాజుల దగ్గర తెగకున్న బేరశక్తి గురించి రాసేటప్పుడు ఈ రైతును మరిచిపోతే లెక్క తప్పుతుంది. అతని మాగాణి కూడా నడవదు.

సంధి రాశాక గీత గీయాలి కదా. 1849 నుంచి 1852 వరకు నలుగురు కమిషనర్లు దక్షిణం నుంచి ఉత్తరానికి కొండలు పట్టుకు తిరిగారు: ఉస్మానీయుల తరఫున దర్వీష్ పాషా, ఇరాన్ తరఫున మీర్జా జాఫర్ ఖాన్, ఇంగ్లండు తరఫున కల్నల్ విలియమ్స్, రష్యా తరఫున కల్నల్ చిరికోవ్. దర్వీష్ పాషా దారిలోనే ఖోయ్ పక్కనున్న కుతూర్ లోయను ఆక్రమించి కూర్చున్నాడు; అది ఇరాన్‌కు తిరిగి వెళ్లడానికి 1878 నాటి బెర్లిన్ సంధి దాకా ఆగవలసి వచ్చింది. ఇంగ్లీషు, రష్యన్ సర్వేయర్లు గీసిన పటాలు ఒకదానితో ఒకటి పొసగక, సరిచూసి ఒక్కటిగా చేసేసరికి 1869 అయింది. అంత కష్టపడి తయారు చేసిన పటంలో కూడా ఉన్నది గీత కాదు, ఒక పట్టీ. సరిహద్దు ఈ పట్టీలో ఎక్కడో ఉందని మాత్రం ఒప్పుకున్నారు. జాఫ్ గుడారాలు, హైదరాన్లు గుడారాలు ఆ పట్టీలో ఎప్పటిలాగే దిగుతూ లేస్తూ ఉన్నాయి.

పటం తేలని చోట చట్టం వచ్చింది. అదే 1869లో ఉస్మానీయ ప్రభుత్వం పౌరసత్వ చట్టం చేసింది. 1874లో సుల్తాను ప్రజలైన స్త్రీలు ఇరానీయులను పెళ్లాడకూడదన్న నిబంధనను పటిష్ఠం చేసింది, ఎందుకంటే పిల్లలు ఎవరి ప్రజలన్న తగవు, వాళ్లు సైన్యంలో చేరాలా వద్దా అన్న తగవు ఆ పెళ్లిలోనే మొదలవుతాయి. కృష్ణకు అటు తెలంగాణ ఊళ్లతో, ఇటు పల్నాడు ఊళ్లతో వియ్యాలందుకున్న కుటుంబాలకు ఈ నిబంధన ఎంత కరుకైనదో వేరే చెప్పనక్కర్లేదు. 1948 వరకు ఆ నది కూడా రెండు ఏలుబడుల మధ్య హద్దే, పెళ్లి ఊరేగింపులను మాత్రం ఏ సర్కారూ ఆపలేదు. 1891లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ మరో ఎత్తు వేశాడు. రష్యా గుర్రపు దళాలైన కొసాక్కులను చూసి, కుర్దు తెగలనే హమీదియా అశ్వదళాలుగా కూర్చాడు. హైదరాన్లు పెద్దలకు పాషా బిరుదులు, సైనిక హోదాలు, తుపాకులు దక్కాయి. ఎటు పోతారోనన్న అనుమానం ఉన్నవాళ్ల చేతికే సరిహద్దు కాపలా అప్పగించడం తెలివైన ఎత్తే గాని, ఆ తుపాకులు ముందుగా తిరిగింది పక్క ఊళ్ల అర్మేనియన్ రైతుల మీదికి.

అసలు గీత 1914లో పడింది. అంతకు ముందు 1905 నుంచి ఉస్మానీయ దళాలు ఉర్మియా వైపు ఇరాన్ భూముల్లోకి చొచ్చుకువచ్చి, అక్కడి సున్నీ కుర్దులు తమవారేనన్న పాత వాదాన్నే మళ్లీ వినిపించాయి. 1913 నవంబరులో ఇస్తాంబుల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం నాలుగు ప్రభుత్వాల కమిషన్ మరుసటి ఏడాది బయల్దేరి, ముహమ్మరా నుంచి అరారాత్ పర్వతం దాకా స్తంభాలు పాతుకుంటూ వెళ్లి, అక్టోబరులో పని ముగించింది. సరిగ్గా అప్పుడే ఉస్మానీయులు ప్రపంచ యుద్ధంలోకి దిగారు. 1639లో తెగల పేర్లతో నిండిన హద్దు, ఇప్పుడు వరస నంబర్ల స్తంభాలుగా మారింది. తెగ ఎవరిదన్న ప్రశ్నకు బదులు తెగ ఏ స్తంభానికి ఇటు ఉంది, ఏ స్తంభానికి అటు ఉంది అన్న ప్రశ్న మిగిలింది.

ఆ మార్పు నడుమ బతికిన ఒక మనిషిని చూస్తే ఇదంతా ఎంత దగ్గరి సంగతో తెలుస్తుంది. అదేలా ఖానుం సనందజ్‌లో, ఇరాన్ కొలువులో పేరున్న కుటుంబంలో పుట్టింది. జాఫ్ తెగ పెద్ద, ఉస్మానీయుల తరఫున శహ్రజోర్ అధికారిగా ఉన్న ఉస్మాన్ పాషాను పెళ్లాడి హద్దుకు ఉస్మానీయ వైపున్న హలబ్జాకు వచ్చింది. ఇరాన్ నుంచి మేస్త్రీలను రప్పించి పుట్టింటి తీరున మేడలు కట్టించింది, తోటలు వేయించింది, బజారు కట్టించింది, భర్త ఊళ్లో లేనప్పుడు తానే పంచాయతీ తీర్చింది. 1909లో మారువేషంలో ఆమె కొలువులో పారసీ లేఖకుడిగా చేరిన ఇ.బి. సోన్ అనే ఇంగ్లీషువాడు ఈ సంగతులన్నీ రాసిపెట్టాడు. తుర్కీ ప్రభుత్వం హలబ్జాకు తంతి తీగ వేస్తే జాఫ్ వాళ్లు దాన్ని తెంచివేసి, మళ్లీ వేస్తే ఊరుకోబోమని కబురు చేశారని కూడా అతనే రాశాడు. భర్త సుల్తాను ఉద్యోగి; తీగ కూడా సుల్తానుదే. ఉద్యోగం పుచ్చుకోవడంలోనూ, తీగ తెంచడంలోనూ వారికి వైరుధ్యం కనిపించలేదు.

భర్త పోయాక కూడా ఆమె మాట హలబ్జాలో చెల్లింది. యుద్ధానంతరం ఇంగ్లీషువారు వచ్చి, మన జిల్లాల్లో పెద్దమనుషులకు ఇచ్చిన ఖాన్ బహదూర్ బిరుదునే ఆమెకూ ఇచ్చారు. 1924లో ఆమె కన్నుమూసేనాటికి ఉస్మానీయ సుల్తాను గద్దె దిగి రెండేళ్లయింది. ఇరాన్‌ను ఏలుతున్న ఖాజార్ షాల వంశానికి ఇంకొక్క ఏడాదే మిగిలింది. హలబ్జా అప్పటికి బ్రిటిష్ పర్యవేక్షణలోని ఇరాక్‌లో ఉంది, సనందజ్ ఇరాన్‌లో ఉంది. 1914 నాటి స్తంభాలు రెండు ఊళ్లకూ నడుమ కొండల మీద నిలబడి ఉన్నాయి.